బావిలో దాచిన కొర్రమట్టలు

ఈ సంగతులు ఎన్నో ఏళ్ల కిందటే రాయవలసినవి. రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. బడికి పోయే వయసులో నేను మా అమ్మమ్మ వెనుక చెరువు అంచున కప్పల కుండ మోసుకుంటూ తిరిగాను. ఆ తరువాత పెళ్లయి హనుమకొండకు వచ్చాను. మా ఆయన సైకిళ్లు బాగుచేసే దుకాణం, పిల్లలు, వాళ్ల పెళ్లిళ్లు, వీటిలో పడి, బస్సు మీద ఊరి పేరు ఏముందో పక్కవాళ్లను అడిగి ఎక్కే మనిషిగానే నాకు జుట్టు నెరిసింది. మనుమరాలు బడిలో చేరిన ఏడు మా వాడకట్టులో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చదువు చెప్పే టీచరమ్మ ఒకామె దొరికింది. వేలు పట్టి దిద్దించింది. మొదట నా పేరు, తరువాత దుకాణాల బోర్డులు, తరువాత పేపరు. ఇప్పుడు నెమ్మదిగానైనా మనసులో ఉన్నది కాగితం మీద పెట్టగలను. ఏం రాద్దామని కూర్చున్నా ముందుగా గుర్తుకు వచ్చేది ఒక చేప.

ఈసారి మిరుగు నాడు పొద్దున్నే చేపల మార్కెట్టుకు పోయాను. మిరుగంటే మృగశిర కార్తె మొదటి రోజు. ఎండలు పోయి వానలు వచ్చే ఆ పూట చేప ముక్క నోట్లో పడాలని మా వైపు పెద్దల మాట. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో కొర్రమట్టలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి, పక్కనుంచి సన్నటి గొట్టం నీళ్లలోకి గాలి ఊదుతోంది. ఒకటి కొని ఇంటికి తెచ్చి, బండ మీద వేసి, బూడిద చల్లి రుద్దడం మొదలుపెట్టాను. అదే నల్లటి వీపు, అదే పాము తల, చేతికి అంటుకునే అదే జిగురు. కాని వాసన వేరు. మా ఊరి చెరువు చేపను రుద్దినప్పుడు ముక్కుకు తగిలేది నాచు, తుంగ వేరు, ఎండి పగిలిన బురద మీద పడ్డ తొలి వాన కలిసిన వాసన. ఇది దాణా వాసన కొట్టింది. చేప తప్పేమీ లేదు, పాపం, సిమెంటు తొట్టిలో పుట్టి, తొట్టిలో తిని పెరిగింది, బురద దానికి ఎవరు చూపించారు? చేతులు కడుక్కుని, కూర పొయ్యి మీద పెట్టి, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మా అమ్మమ్మ ఊరు మరిపెడకు అవతల, రోడ్డు దిగి కాలిబాటన చాలా దూరం నడవాలి. మా నాయిన డోర్నకల్ స్టేషన్లో మూటలు మోసేవాడు. ఒక్క గదిలో మా అమ్మ, నాయిన, ఇద్దరు తమ్ముళ్లు, రైళ్ల బొగ్గు మసి. ఆ గదిలో నాకు చోటు చాలక నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. అమ్మమ్మ పేరు రాజవ్వ. పొడుగాటి మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట. చెరువులో వల వేసే హక్కు మా కులపు సంఘానిది, కాని వల లాగడానికి మగమనిషి ఉన్న ఇంటికే చేపల్లో పాలు, అంటే వాటా, ఇచ్చేవాళ్లు. తాత పోయిన ఏడే అమ్మమ్మ ఇంటికి పాలు ఆగిపోయింది. ఆమె ఎవరితోనూ కొట్లాడలేదు, అడుక్కోనూ లేదు. వెదురు గడ ఒకటి కోసుకుని, గాలం కట్టుకుని, చెరువుకు అవతలి ఒడ్డున తుమ్మల కింద కూర్చుంది. గాలానికి పాలు ఉండదు, ఎవరి అదృష్టం వారిది. ఆ ఊళ్లో గాలం వేసే ఆడది ఆమె ఒక్కతే.

వల వేసేవాళ్లకు పెద్ద మా చిన్నతాత కొమురయ్య, అంటే అమ్మమ్మకు మరిది. ఆయన పోతూ వస్తూ మాట విసరకుండా ఉండేవాడు కాదు.

“వదినా, పొద్దుగాల్నించి కూసున్నవ్. తుంగ పడ్డదా, తాబేలు పడ్డదా?”

అమ్మమ్మ గడ మీద నుంచి చూపు తిప్పేది కాదు. “నీ వలల పడేటియి ఎడ్డియి మరిదీ. తెలివిగలది నీకు దొరకదు, అది నాకోసం ఆగుతది.”

ఆ తెలివిగలది కొర్రమట్ట. రవులు, బొచ్చెలు చెరువు నడిమధ్య లోతుల్లో గుంపులుగా తిరుగుతాయి, వల చుట్టితే అన్నీ ఒక్కసారే వస్తాయి. కొర్రమట్టకు నడిమి నీళ్లు పట్టవు. దానికి ఒడ్డు కావాలి, నీడ కావాలి, దాక్కోవడానికి తుంగో, తామరాకో, నీళ్లలో మునిగిన తుమ్మ కొమ్మో కావాలి. వల లాగితే కింద బురదలోకి తల దూర్చి, వల అంచు వీపు మీదుగా పోయేదాకా కదలదు. ఒకే చోట రోజులకొద్దీ ఉంటుంది, దాని చోటు దానిది. ఒకదాన్ని పట్టిన చోటికి కొద్ది రోజులకే ఇంకొకటి వచ్చి చేరుతుంది. మంచి ఇల్లు ఖాళీగా ఉండదు కదా అనేది అమ్మమ్మ. చెరువు అంచు పొడవునా ఏ పొద కింద ఎవరు కాపురం ఉంటున్నారో వాడకట్టులో ఇళ్లు చెప్పినట్టు చెప్పేది.

దాని గుట్టు బయటపెట్టేది దాని ఊపిరే. మిగతా చేపల్లాగా అది నీళ్లలోనే ఊపిరి తీసుకుని సరిపెట్టుకోదు, కాసేపటికొకసారి పైకి వచ్చి గాలి మింగి పోతుంది. నీళ్ల మీద చిన్న గుబుక్కుమన్న చప్పుడు, ఒక వలయం, అంతే. ఆ వలయం చూసి మేము కప్పను అక్కడే వేస్తే పని చెడుతుంది. చేప ఎటు తిరిగి దిగిందో తోక చేసిన సుడిని బట్టి చూసి, దాని ముందు, రెండు మూరల దూరంలో, ఆకు మీద నుంచి కప్ప తానే జారిపడ్డట్టు దింపాలి. చిన్న కప్ప వీపు తోలు కిందుగా గాలపు ముల్లు గుచ్చితే అది బతికే ఈదుతుంది. తుమ్మ చెక్క కషాయంలో ముంచి ఆరబెట్టిన జనుపదారం నీళ్లలో ఉబ్బదు, తెగదు. కొర్రమట్ట కప్పను అందుకోగానే పిల్లలెవరైనా గడ లాగేస్తారు, నేనూ అట్లాగే లాగేదాన్ని, ముల్లు ఖాళీగా పైకి వచ్చేది. అమ్మమ్మ లాగేది కాదు. చుట్టను నోట్లో ఆ చెంప నుంచి ఈ చెంపకు మార్చుకునేదాకా ఆగేది. చేప కప్పను మొదట అడ్డంగా పట్టుకుని తన చోటికి పోతుంది, అక్కడ తిప్పుకుని మింగుతుంది. తన ఇంటికి పోయి తిననియ్యాలి. దారం రెండోసారి బిగిసినప్పుడు మణికట్టు ఒక్కసారి విరిచేది, అంతే, నల్లటి వీపు తుంగలోంచి వచ్చి గడ్డి మీద పడేది.

గడ్డి మీద పడ్డాక కూడా అది చావదు. తడి గోనెలో చుట్టి నీడన పెడితే పొద్దున పట్టినది మాపటికి కూడా కళ్లు తిప్పుతూనే ఉంటుంది. వాన కురిసిన రోజుల్లో ఒక గుంటలోంచి ఇంకొక గుంటకు గడ్డి మీద పాకుతూ పోయే కొర్రమట్టను నేను కళ్లారా చూశాను, పామనుకుని అరిస్తే అమ్మమ్మ నవ్వి, దాని దారికి అడ్డం రాకుండా నన్ను పక్కకు జరిపింది.

చెరువు నాకు ఆటస్థలం కూడా. కట్ట మీద మగపిల్లలు చిర్రగోనె ఆడుతుంటే మేము లంగాలు దోపుకుని, ఓణీ గుడ్డ చెరొక కొస పట్టి, చెరువు నిండి పొర్లే మత్తడి నీళ్లలో పరకలు పట్టేవాళ్లం. వేలంత పొడుగు, వెండి రేకుల్లాంటివి. బతుకమ్మ నాడు తంగేడు పూలు, గునుగు పూలు నీళ్ల మీద తేలిపోతుంటే వాటి నీడలో చేపలు చేరేవి. ఆ రోజు గాలం చూరులో ఉండేది, అమ్మమ్మ చేతిలో బెల్లం కలిపిన మలీద ముద్ద ఉండేది. చలికాలం పొద్దున్నే మంచు తెర లేచేసరికి కొర్రమట్టలు ఒడ్డు పక్కన, అరచేతి లోతు నీళ్లలో ఎండకు వీపులు కాచుకునేవి. అప్పుడు వాటికి ఆకలి తక్కువ, మాకు ఎక్కువ. జొన్న గట్కలోకి నిన్నటి చేపల పులుసు, రాత్రంతా కుండలో ఊరి చింతపండు ముక్కలోకి దిగిన పులుసు, పొద్దున చల్లగా వేసుకుంటే, దాని రుచి చెప్పడానికి టీచరమ్మ నేర్పిన మాటలు సరిపోవు.

వానలు మొదలయ్యాక మాత్రం అమ్మమ్మ మారిపోయేది. తొలి వానలకు చెరువులోకి ఎర్రనీళ్లు రాగానే కొర్రమట్టలు జతకడతాయి. తుంగ నడుమ నోటితో గడ్డి కొరికి, తోకతో ఊడ్చి, పళ్లెమంత జాగా గుండ్రంగా శుభ్రం చేస్తాయి. అక్కడ నీళ్ల మీద పసుపుపచ్చని గుడ్లు నూనె తెట్టులాగా తేలుతాయి. ఒకటి రెండు రోజులకే పిల్లలు. ఎర్రటి పిల్లలు, కుంకుమ చల్లినట్టు, చీమల్లా ఒకే ముద్దగా తిరుగుతాయి. ముద్ద పైకి వచ్చి గాలి మింగి కిందికి పోతుంది, మళ్లీ ఇంకొక చోట లేస్తుంది. వాటి కింద తల్లీ తండ్రీ. ఒకటి పిల్లల అడుగునే ఉంటుంది, ఒకటి చుట్టూ తిరుగుతుంది. ఆ కాపు కాసినన్ని రోజులు అవి తిండి మీద పడవు, కాని దగ్గరికి వచ్చిన దేనినైనా కొడతాయి, కప్పనైనా, నీళ్లపామునైనా, నీళ్లు తాగే మేకపిల్ల మూతినైనా.

గాలం వేసే ఎవరికైనా తెలుసు, కొర్రమట్టను పట్టడానికి అంతకంటే తేలిక రోజులు లేవు. ఎర్ర ముద్ద ఎక్కడ లేస్తే అక్కడ కప్పను ఆడిస్తే చాలు. అందుకే మా వాళ్లలో కట్టుబాటు ఉండేది: పిల్లలతో ఉన్న కొర్రమట్టను ముట్టవద్దు. తల్లిని లాగితే ఆ ఎర్ర ముద్దను జెల్లలూ పరకలూ పూట గడవకముందే ఊడ్చేస్తాయి. పిల్లలు ఎరుపు పోయి నల్లబడి, తలా ఒక దిక్కు చెదిరిపోయేదాకా అమ్మమ్మ ఆ ఒడ్డుకే పోయేది కాదు. ఆ రోజుల్లో మా ఇంట్లో పచ్చిపులుసూ ఉల్లిగడ్డే.

నేను చెప్పదలచుకున్నది వానలు పడని ఒక ఏడు సంగతి. నాకు అప్పుడు పదేళ్లు ఉంటాయేమో. ముందటి ఏడు వానలు సగమే, ఆ ఏడు అవీ లేవు. మత్తడి దుంకలేదు. దసరా నాటికే తామరాకులు బురద మీద వాలిపోయాయి, ఎండాకాలం నడిమికి చెరువంతా పగుళ్లు బారి, తూము ముందర ఒక్క గుంట మిగిలింది. ఆ గుంటలోనే చెరువు చేపలన్నీ చేరాయి. ఎట్లాగూ ఎండిపోయేదే కదా అని కొమురయ్య తాత మనుషులు ఒక పొద్దున వల దించి అడుగుదాకా లాగేశారు. పాలు పంచుకున్నారు. ఆ తరువాత బురద అందరిది. వరి కోశాక మడిలో రాలిన కంకులు ఏరుకున్నట్టు, వల పోయిన బురదలో ఆడవాళ్లూ పిల్లలూ చేపలు ఏరుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డం చెప్పరు.

అందరూ పైపైన తేలినవి ఏరుకుంటుంటే అమ్మమ్మ కొంగు దోపి, కళ్లు మూసుకుని, పాదాలతో బురద వెతికింది. కొర్రమట్ట బురదలో తల పైకి పెట్టి ఉంటుంది, ఊపిరికి సన్నటి బొక్క వదులుతుంది. బొటనవేలికి ఆ బొక్క తగిలితే ఆగి, రెండు చేతులా దించి, మెడ దగ్గర పట్టి లాగేది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి కుండ సగం నిండింది. తుమ్మ కింద కూర్చుని ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూసింది. పొట్ట వెడల్పుగా గుండ్రంగా ఉన్నది ఆడది, సన్నంగా సాగి ఉన్నది మగది అని తన లెక్క. అట్లా ఒక జత పక్కకు తీసి, తడి గోనెలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకన వేసుకుంది. మిగిలినవి ఊళ్లో అమ్మకానికి పోయాయి.

ఎందుకని నేను అడిగితే, ఆమె చెప్పింది నాకు అప్పుడు సగమే అర్థమైంది. రవు పిల్లలను, బొచ్చె పిల్లలను సంఘం వాళ్లు క్యాన్లలో తెప్పించి చెరువులో వదులుతారు. కొర్రమట్ట పిల్లలను తెచ్చేవాడు ఎవడూ లేడు. ఈ గుంట ఎండితే ఈ చెరువులో దాని విత్తనం పోతుంది. విత్తనం పోతే వల ఉన్నవాళ్లకు రవులుంటాయి, గాలం ఉన్న మనిషికి ఏమీ ఉండదు. వానలు వచ్చేదాకా ఈ రెండూ బతకాలి.

కట్ట దిగుతుంటే కొమురయ్య తాత ఎదురయ్యాడు. “ఏందే వదినా, చంకల మనుమరాలా?”

“మనుమరాలు ఎనక నడుస్తాంది. గీల్లు మా సుట్టాలు.”

“కూడు లేని కరువుల సుట్టాలను సాదుతానవా?” అని ఆయన నవ్వితే వలవాళ్లంతా నవ్వారు. అమ్మమ్మ కూడా నవ్వింది, ఆగలేదు.

చెరువు కింద నర్సయ్య అనే రైతుకు పాత మోటబావి ఉంది. మోట ఎప్పుడో ఆగిపోయింది, మోటరు పెట్టలేదు, మెట్లు దిగి పశువులకు నీళ్లు ముంచుకునేవాళ్లు. చుట్టుపక్కల బావులు ఇంకినా అందులో ఒక మనిషి లోతు నీళ్లు నిలిచాయి, ఒక మూల గడ్డి కూడా పచ్చగా ఉంది. నర్సయ్య అమ్మమ్మను అక్కా అని పిలిచేవాడు. చేపలు వదులుతానంటే సరే అన్నాడు. ఆ ఎండాకాలమంతా నా పని ఆ బావే. పశువుల తొట్ల కింద తడిలో దొరికే చిన్న కప్పలు, మిడతలు, వానపాములు తెచ్చి వేసేదాన్ని. మెట్టు మీద కూర్చుని ఆ గుబుక్కుమన్న చప్పుడు కోసం చూసేదాన్ని. ఒక చప్పుడు, కాసేపటికి ఇంకొకటి. రెండూ వినిపిస్తేనే ఇంటికి పోయి తినేదాన్ని.

రోహిణి కార్తెలో ఉరుములతో ఒక వాన పడింది. చెరువు పగుళ్లు కూడా నిండలేదు కాని, బావిలోకి చేను నీళ్లు కాసిని దిగాయి. ఆ తరువాత మళ్లీ ఎండ. మిరుగు వచ్చింది. ఊరి మొత్తానికి పచ్చిచేప లేని మిరుగు అదొక్కటే చూశాను. మరిపెడ అంగడిలో కూడా లేవన్నారు.

ఆ పొద్దున నర్సయ్య మా ఇంటికి వచ్చాడు. ఆయన తల్లికి దమ్ము. పడుకుంటే ఊపిరాడక గోడకు ఒరిగి కూర్చునే తెల్లవార్చే ముసలమ్మ. మిరుగు నాడు చేప తింటే దమ్ము నెమ్మదిస్తుందని ఆమె నమ్మకం, ఏ ఏడూ తప్పలేదు. నర్సయ్య గడప బయటే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

“అక్కా, ఒక్కటియ్యి. అవ్వ పొద్దుగాల్నించి గదే అడుగుతాంది.”

 నేను పొయ్యి దగ్గర కూర్చుని అమ్మమ్మ మొహం చూస్తున్నాను. ఒకటి పోతే రెండోది ఎందుకూ పనికిరాదని నాకు కూడా తెలుసు.

“రెండు నెలలాయె, ఎప్పుడన్న అడిగిన్నా? ఇయ్యనంటే గుంజుకోను. గని నీ చేపలను నువ్వు తీస్కపో అక్కా. అవ్వ గట్ల గోడకొరిగి కూసుంటే నా బాయిల చేపలు ఆడుతాంటే నాకు మంచిగనిపియ్యదు.”

తీసుకుపోవడానికి ఆ బావి తప్ప నీళ్లున్న చోటు లేదు. అమ్మమ్మ నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టింది. తరువాత లేచి చూరులోంచి గాలం తీసింది.

“నీ బాయి, నీ అవ్వ. నాకు మాత్రం తెల్వదా తమ్మీ. పా.”

ముగ్గురం పోయాం. నేను కప్పల కుండ మోశాను, ఆ రోజు అది ఎన్నడూ లేనంత బరువుగా ఉంది. అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని కప్పను గుచ్చి, గడ్డి ఉన్న మూలకు దింపింది. కప్ప రెండు తన్నులు తన్నిందో లేదో నీళ్లు పగిలాయి. చేప కప్పను కొట్టిన చప్పుడు బావి గోడలకు తగిలి మోగింది. నర్సయ్య ముందుకు వంగాడు. అమ్మమ్మ అదే క్షణం గడ పైకి ఎత్తేసింది. ముల్లుకు కప్ప అట్లాగే ఉంది, బతికే ఉంది, పంటిగాటు కూడా లేదు.

“లాగకపోతివేందక్కా?”

“అది తినస్తలేదు తమ్మీ. కొడతాంది.”

ఆయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఆమె గడను మెట్టు మీద పెట్టి, గడ్డి మూలకు వేలు చూపించి, కదలవద్దని మాకు సైగ చేసింది. నీళ్లు సద్దుమణిగాయి. ఒక తూనీగ వచ్చి గడ్డిపోచ మీద వాలింది, లేచింది. అప్పుడు ఆ మూలన, ఆకుపచ్చ నీళ్ల అడుగు నుంచి, ఎర్రగా ఒక మరక పైకి లేచింది. లేస్తూ లేస్తూ వెడల్పయి, నీళ్ల మీద చిటపట చిటపట చినుకుల్లా మెదిలి, మళ్లీ ముద్దగా కూడి లోపలికి దిగింది. దాని కింద నల్లటి వీపు ఒకటి నెమ్మదిగా తిరిగి పోయింది. ఆ కొంచెం వానకే, ఆ బావి మూలనే, అవి సంసారం పెట్టుకున్నాయి.

నర్సయ్య నెత్తి మీది రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఎర్రపిల్లలు గదా అక్కా,” అన్నాడు. ఔనంది.  ఆయన కూడా కట్టుబాటు ఉన్న ఊరి మనిషే. దారం తానే గడకు చుట్టి అమ్మమ్మ చేతికిచ్చి మెట్లెక్కాడు.

ఇంటికి వచ్చి అమ్మమ్మ ఉట్టి మీది కుండ దించింది. అందులో నిరుటి ఎండు పరకలు కొన్ని ఉన్నాయి, అవే ఆఖరు. కడిగి, పచ్చి మామిడికాయ, చింతపులుసు వేసి వండి, ఆ గిన్నె కొంగు కింద పెట్టుకుని తానే తీసుకుపోయి ముసలమ్మ ముందు కూర్చుంది. పచ్చిచేప ఎందుకు తేలేదో మొత్తం చెప్పింది. ముసలమ్మ విని, మెల్లగా తిని, వేళ్లు నాకింది.

“ఎండిందైతేంది, చెర్ల పుట్టిందే గదనే,” అంది. తరువాత దగ్గి, దగ్గి, నీళ్లు తాగి, “దమ్ము పోలే గని రాజవ్వా, జర ఆకలి పోయింది,” అంది.

వానలు ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. శ్రావణం నాటికి చెరువు సగం నిండింది, తుంగ మళ్లీ లేచింది. బావిలో పిల్లలు ఎరుపు పోయి నల్లబడి, ముద్ద చెదిరి, గోడల పొడవునా తలా ఒక చోట నిలబడ్డాయి. అప్పుడు గానీ అమ్మమ్మ వాటిని కదపనివ్వలేదు. పాత చీర రెండు కొసలు నేనూ ఆమే పట్టి, మెట్ల మీద నుంచి దేవి, కుండల్లో నింపాం. అన్నీ రాలేదు, వచ్చినన్ని వచ్చాయి. కుండలు మోయడానికి కావడి వేసుకుని కొమురయ్య తాత వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. అమ్మమ్మ ఆయన వైపు చూస్తే, తల దించుకుని, “పాలు లేదన్నం గని, మొయ్యరాదన్నమా వదినా,” అన్నాడు. పాలు ఆ తరువాత కూడా ఇవ్వలేదు. గాలం మీద మాట విసరడం మాత్రం మానేశాడు. అది కొన్నాళ్లు అమ్మమ్మకు తోచకుండా చేసింది.

పెద్ద చేపలు రెండింటినీ అమ్మమ్మ మళ్లీ గోనెలో చంకనే తెచ్చింది. నీళ్లలోకి విసరలేదు. నీటి అంచుకు మూరెడు ఇవతల, తడి గడ్డి మీద పడుకోబెట్టి, తాను వెనక్కి జరిగి కూర్చుంది. ఎందుకట్లా అంటే, దాన్ని తెచ్చింది మనం, పోవలసింది అది, అంది. తాను నడిచి దిగిన నీళ్లను అది తన చోటనుకుంటుందట. రెండూ కాసేపు మొప్పలు ఎగరేశాయి. తరువాత ఒళ్లు ఇటూ అటూ తిప్పుతూ గడ్డిలోంచి పాకి, ఒకదాని వెనక ఒకటి, తుంగలోకి దిగిపోయాయి. మరుసటి ఏడు తుమ్మల కింద ఎర్ర ముద్దలు ఎన్ని చోట్ల లేచాయో. అమ్మమ్మ బతికినంత కాలం ఆ చెరువులో కొర్రమట్టకు కరువు రాలేదు.

ఇప్పుడు ఆ బావి లేదు, పూడ్చి పత్తి వేశారు. తుమ్మలు కొట్టేశారు, ఒడ్డున తుంగ లేదు, కట్ట మీద సిమెంటు బల్లలు, దీపాల స్తంభాలు వచ్చాయి, చూడడానికి బాగుంది. రవులు, బొచ్చెలు బాగానే పడుతున్నాయట. కొర్రమట్ట మాత్రం ఎప్పుడో ఒకటి. గాలం వేసేవాళ్లు లేరు. ఎర్రపిల్లల సంగతి అడిగితే వయసులో ఉన్నవాళ్లు అదేమిటని నన్నే అడుగుతున్నారు.

ఇంతవరకు రాసేసరికి మిరుగు రోజు మాపటివేళ అయింది, మధ్యలో మాడు వాసనకు లేచి దించేసరికే కూర అడుగంటింది. మా ఇంటివాళ్లు అదే తిన్నారు.

మరునాడు పొద్దున్నే మళ్లీ మార్కెట్టుకు పోయాను. నీలం తొట్టి ముందు కూర్చుని, ఒక్కొక్కదాన్నీ తిప్పించి చూశాను. అమ్మే పిల్లవాడికి విసుగు వచ్చింది. పొట్ట గుండ్రంగా ఉన్నదొకటి, సన్నంగా సాగినదొకటి ఏరుకున్నాను. ముక్కలు ఎంతంత కొట్టాలి పెద్దమ్మా అని కత్తి అందుకున్నాడు. కొట్టవద్దన్నాను, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెసంచి తడిపి ఇమ్మన్నాను. బస్టాండులో బోర్డు నేనే చదువుకుని మరిపెడ బస్సెక్కాను. ఆ తడి మూట కింద పెట్టమని కండక్టర్ అంటే, కింద పెట్టేది కాదు బిడ్డా అని ఒళ్లో పెట్టుకున్నాను. దారిలో అవి అప్పుడప్పుడు కదిలాయి.

చెరువు దగ్గర వలలు ఆరేసుకుంటున్న కొమురయ్య తాత మనుమడు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. గోనె విప్పితే చూసి, “చేపలు కొనుక్కపోయెటోల్లను చూసిన గని వదినా, కొనుక్కచ్చి ఇడిశెటోల్లను ఇప్పుడే చూస్తాన,” అన్నాడు. వీటికి బురద తెలియదురా, ఉంటాయో లేదో, అన్నాను. మత్తడి పక్కన కాస్త గడ్డి మిగిలి ఉన్న చోటు అతడే చూపించాడు.

నీటి అంచుకు మూరెడు ఇవతల రెండింటినీ పడుకోబెట్టి వెనక్కి జరిగి కూర్చున్నాను. మగది త్వరగానే పాకి దిగింది. ఆడది తల పైకెత్తి, గాలి మింగి, గడ్డిలో అట్లాగే ఉండిపోయింది. అతడు కాలితో నెట్టబోతే వద్దన్నాను. అతడు కూడా వచ్చి నా పక్కన కూర్చున్నాడు.